గెలిచిన రోజు నుంచి లెక్క చూడాలి: ఒక బెట్టింగ్ కేసు

బెట్టింగ్ కేసు వచ్చిందంటే ఇంట్లోవాళ్ళు ముందు చెప్పేది అప్పు ఎంతుందో. పద్నాలుగు లక్షలు సార్, పద్దెనిమిది లక్షలు సార్ అని మొదలవుతుంది, తర్వాత ఎలా బయటపడింది, ఎవరెవరు ఇంటి మీదకొచ్చారు, ఎంత పరువు పోయింది, ఇలా మొత్తం పోయిన డబ్బు గురించే నడుస్తుంది. నేను గోదావరి డెల్టాలో ప్రాక్టీస్ చేసే సైకియాట్రిస్ట్‌ని. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు నుంచి, పాలకొల్లు, నరసాపురం నుంచి, గోదావరి అవతల రాజోలు, అమలాపురం నుంచి కూడా పేషెంట్లు వస్తారు, ఈ మధ్య వచ్చే కుర్రాళ్ళలో బెట్టింగ్ వాళ్ళు బాగా పెరిగారు. వాళ్ళ దగ్గర హిస్టరీ తీసుకునేటప్పుడు నేను అప్పు సంగతి తర్వాత అడుగుతాను. ముందు అడిగేది "ఎప్పుడైనా పెద్ద అమౌంట్ కొట్టావా బాబూ? ఎప్పుడు? ఆ డబ్బు ఏమైంది?" అని. ఎందుకలా అడుగుతానో ఈ కేసు చూస్తే తెలుస్తుంది.

కుర్రాడు, వాళ్ళ నాన్నగారు ఇద్దరూ రాయడానికి ఒప్పుకున్నారు. గుర్తుపట్టకుండా ఉండటానికి వయసు, ఊరు, అమౌంట్లు కొంచెం మార్చాను, మ్యాచ్‌లు మాత్రం మార్చలేదు, అవి మారిస్తే కేసులో అసలు విషయమే పోతుంది.

కుర్రాడికి ఇరవై ఏడేళ్ళు. మెకానికల్ బీటెక్. హైదరాబాద్‌లో చిన్న ఉద్యోగం చేస్తూ ఉండగా కోవిడ్ వచ్చింది, ఇంటికి వచ్చేశాడు, మళ్ళీ వెళ్ళలేదు. రొయ్యల మేత అమ్మే షాపులో చేరాడు, జీతం పద్దెనిమిది వేలు, పని కలెక్షన్లు చూడటం. ఆక్వా గురించి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఇక్కడ చాలామంది రైతులు మేత అరువు మీద తీసుకుంటారు, పట్టుబడి అయ్యాక, అంటే చెరువు పట్టి రొయ్యలు అమ్మాక కడతారు, కాబట్టి కలెక్షన్ కుర్రాడి చేతిలో ఒక్కోసారి లక్షలు ఉంటాయి, షాపులో జమ చేసే లోపు ఒకటి రెండు రోజులు ఆగినా ఎవరూ పట్టించుకోరు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత వస్తుంది. నాన్నగారు ఆరెకరాల చెరువు లీజుకి చేస్తారు. అమ్మ ఇంట్లోనే. మందు అలవాటు పెద్దగా లేదు, ఇంట్లో మానసిక జబ్బుల హిస్టరీ లేదు.

బెట్టింగ్ హాస్టల్లో మొదలైంది. టాస్ మీద వంద, యాభై. ఇంటికి వచ్చాక ఒక ఫ్రెండ్ ఏజెంట్ నంబర్ ఇచ్చాడు. ఆంధ్రాలో 2020లోనే గేమింగ్ చట్టానికి సవరణ తెచ్చి ఆన్‌లైన్ బెట్టింగ్ బ్యాన్ చేశారు, అయినా వాట్సాప్‌లో ఐడీల, అంటే బెట్టింగ్ సైట్లో తెరిచి ఇచ్చే అకౌంట్ల బిజినెస్ నడుస్తూనే ఉంది. ఏజెంట్‌కి యూపీఐలో డబ్బు కొడితే ఐడీలో పాయింట్లు వేస్తాడు, గెలిస్తే తిరిగి పంపిస్తాడు, పంపే అకౌంట్ పేరు ప్రతిసారీ వేరే వాళ్ళది ఉంటుంది. అలా రెండేళ్ళు ఆడాడు.

ఇక్కడ నేను చేసే పని ఒకటి చెప్పాలి. పేషెంట్ చెప్పే కథ మీద ఆధారపడను, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఐడీలో దొరికినంత బెట్ హిస్టరీ తెప్పించుకుని ఇద్దరం పక్కపక్కన కూర్చుని పెన్నుతో రాసుకుంటూ చూస్తాం. ఈ కుర్రాడి స్టేట్‌మెంట్ చూస్తే మొదటి రెండేళ్ళు నాకు పెద్ద భయం కలిగించే విషయం ఏమీ లేదు, బెట్ రెండొందలు, ఐదొందలు, ఎప్పుడో ఒకసారి వెయ్యి. ఇండియా మ్యాచ్ ఉన్న రోజు, ఐపీఎల్ రోజుల్లో మాత్రమే. నెలకి మూడు నాలుగు వేలు పోయేవి. మంచి అలవాటు అని అనను, కానీ సీజన్ అయిపోతే ఆగేది. ఆగగలిగేవాడు. అది ముఖ్యం.

2023 ఏప్రిల్ 9, ఆదివారం. అహ్మదాబాద్‌లో గుజరాత్, కోల్‌కతా మధ్యాహ్నం మ్యాచ్. కోల్‌కతాకి 205 కావాలి. పదిహేడో ఓవర్లో రషీద్ ఖాన్ హ్యాట్రిక్ తీశాడు, రసెల్, నరైన్, శార్దూల్ వరసగా అవుట్. అందరూ టీవీ కట్టేసే టైం. కుర్రాడు అప్పటికే కోల్‌కతా మీద కొంత పెట్టి పోగొట్టుకునే స్థితిలో ఉన్నాడు, ఐడీలో మిగిలింది ఆరు వేలు, మొత్తం కోల్‌కతా మీద వేసేశాడు. రూపాయికి యాభై రేటు. చివరి ఓవర్లో 29 కావాలి, మొదటి బంతికి సింగిల్, తర్వాత ఐదు బంతుల్లో రింకూ సింగ్ ఐదు సిక్సర్లు. ఆరు వేలు మూడు లక్షలు అయ్యాయి.

అదే రోజు రాత్రి హైదరాబాద్‌లో సన్‌రైజర్స్, పంజాబ్ మ్యాచ్. ఈ కుర్రాడు సన్‌రైజర్స్ మీద నలభై వేలు వేశాడు. గెలిచాడు కూడా. పొద్దున్న ఐదొందల దగ్గర ఆలోచించిన మనిషి రాత్రికి నలభై వేలు వేశాడు, మధ్యలో గడిచింది కొన్ని గంటలు. స్టేట్‌మెంట్‌లో ఆ రెండు లైన్ల కింద నేను గీత గీశాను, ఎందుకంటే జబ్బు మొదలైన చోటు అదే. వాళ్ళ నాన్నగారు జబ్బు మొదలైంది నవంబర్‌లో, వరల్డ్ కప్ అప్పుడు అన్నారు. కుర్రాడు ఆగస్టులో అన్నాడు. ఇద్దరూ డబ్బు పోవడం మొదలైన దగ్గర నుంచి లెక్కపెడుతున్నారు.

గెలిచిన డబ్బుతో మనిషి ఎలా ఆడతాడో 1990లో థేలర్, జాన్సన్ అనే ఇద్దరు రాశారు. ముందు లాభం వచ్చి ఉంటే ఆ లాభంలోంచి పోయేది నష్టంలా అనిపించదు, వచ్చిన డబ్బే కదా పోయింది అనిపిస్తుంది, అందుకని మామూలుగా తీసుకోని రిస్క్ తీసుకుంటారు. మా కుర్రాడు ఇదే మాట అచ్చంగా అన్నాడు, "అది నా జీతం కాదు కదండీ, వాడి డబ్బే వాడి మీద వేశాను" అని. ఆ నలభై వేలు అతని రెండు నెలల జీతం కన్నా ఎక్కువ. ఆ రోజు అతనికి ఆ లెక్క తట్టలేదు, తట్టే స్థితిలో లేడు.

మరుసటి రోజు పొద్దున్నే మూడు లక్షలు విత్‌డ్రా అడిగాడు. ఏజెంట్ వెంటనే లక్ష పంపాడు. మిగతాది "ఐడీలోనే ఉంచు అన్నా, పది శాతం బోనస్ వేస్తా, నీ లిమిట్ కూడా పెంచుతా" అన్నాడు. ఈ ఒక్క మెసేజ్ గురించి నేను ఎంత రాసినా తక్కువే. గెలిచినవాడికి వెంటనే మొత్తం ఇచ్చేస్తే వాడు బయటికి వెళ్ళిపోయే అవకాశం ఉంది, పూర్తిగా ఇవ్వకపోతే నమ్మకం పోతుంది, కాబట్టి కొంత ఇచ్చి, ఊళ్ళో అందరికీ చెప్పుకునేంత ఇచ్చి, మిగతాది లోపలే ఉంచుతారు. అప్పటి వరకు ఏజెంట్ ఇతన్ని పలకరించేవాడే కాదు, ఆ రోజు నుంచి రోజూ గుడ్ మార్నింగ్ మెసేజ్, బోనస్ ఆఫర్, "ఈరోజు ఏం చూస్తున్నావు అన్నా".

వచ్చిన లక్షలో ఇరవై వేలు అమ్మకి ఇచ్చాడు, షాపులో ఇన్సెంటివ్ వచ్చిందని చెప్పి. కొత్త ఫోన్ కొన్నాడు. ఫ్రెండ్స్‌ని పేరుపాలెం బీచ్‌కి తీసుకెళ్ళి పార్టీ ఇచ్చాడు. అక్కడి నుంచి ఊళ్ళో అతని స్థాయి మారిపోయింది. ఇంతకు ముందు బీటెక్ చదివి మేత షాపులో చేస్తున్నాడు పాపం అనేవాళ్ళు ఇప్పుడు "బావా, ఈరోజు ఎవరిది?" అని ఫోన్ చేస్తున్నారు. టిప్స్ కోసం ఒక గ్రూపు కూడా తయారైంది. ఈ భాగాన్ని డాక్టర్లం సరిగ్గా రాసుకోం, నాకు మాత్రం డబ్బు కన్నా ఇదే బలంగా పట్టుకుంది అనిపించింది, ఎందుకంటే డబ్బు జూలైకల్లా అయిపోయింది, గ్రూపులో పేరు మాత్రం నవంబర్ దాకా ఉంది, ఆ పేరు కోసం గెలుస్తున్నట్టు నటించడానికి కూడా బెట్లు వేశాడు.

మన వైపు పందేలు కొత్త కాదు. సంక్రాంతికి బరులు, గుండాట, పేకాట ఎప్పటి నుంచో చూస్తున్నాం, బరిలో పెద్ద అమౌంట్ కొట్టినవాడి కథ పదేళ్ళు చెప్పుకుంటారు, పోగొట్టుకున్నవాడు నోరు విప్పడు. ఈ కుర్రాడు చిన్నప్పటి నుంచి విన్నవి గెలిచిన కథలే. ఒక తేడా మాత్రం ఉంది, భోగి, సంక్రాంతి, కనుమ అయ్యాక బరి పీకేస్తారు, టెంట్లు వెళ్ళిపోతాయి, గెలిచినవాడు ఇష్టం ఉన్నా లేకపోయినా ఇంటికి పోవాలి. ఫోన్‌లో కనుమ రాదు.

గెలుపు తర్వాత ప్రవర్తనలో ఏం మారిందో స్టేట్‌మెంట్ నుంచి చెప్తాను. నా దగ్గరికి వచ్చేదాకా బెట్ సైజు రెండు వేల కిందకి మళ్ళీ రాలేదు, డబ్బు అయిపోయాక కూడా రాలేదు. రెండోది, ఐపీఎల్ మే నెలాఖరుకి అయిపోయింది, ఇంతకు ముందు రెండు సీజన్లు ఆగినవాడు ఈసారి ఆగలేదు, తమిళనాడు లీగ్, ఇంగ్లండ్ టీ20లు, తెల్లవారుజామున వచ్చే కరీబియన్ లీగ్, చివరికి పేర్లు కూడా తెలియని టెన్నిస్ ప్లేయర్ల మీద. మూడోది నన్ను కూడా ఆలోచింపజేసింది. గెలిచాక మనిషి పెద్ద పెద్ద రేట్ల వెంట పడతాడు అనుకుంటాం కదా, ఇతను మొదట్లో అలా చేయలేదు, ఫేవరెట్ల మీదకి, అంటే గెలుస్తుందని అందరూ అనుకునే టీమ్‌ల మీదకి మారాడు. 2014లో షూ, హార్వీ అనే ఇద్దరు ఆన్‌లైన్ బెట్టింగ్ డేటా తీసుకుని, ఐదున్నర లక్షలకి పైగా బెట్లు, చూశారు. వరసగా గెలుస్తున్నవాళ్ళు ఇక ఓడిపోతామేమో అని సేఫ్ రేట్లకి మారుతున్నారు, దానివల్ల ఇంకా గెలుస్తున్నారు. ఓడుతున్నవాళ్ళు ఇక గెలుస్తాంలే అని రిస్క్ రేట్లకి వెళ్ళి ఇంకా ఓడుతున్నారు. మా కుర్రాడు సరిగ్గా ఇలాగే, గెలుపు తర్వాత వారాల్లో రూపాయికి ఇరవై పైసలే లాభం వచ్చే ఫేవరెట్లు పట్టుకున్నాడు, వరసగా గెలుస్తున్నాడు కూడా, దాంతో తనకి గేమ్ అర్థమైపోయింది అని నమ్మకం కుదిరింది.

కానీ ఇరవై పైసల రేటులో ఇరవై వేలు వేస్తే వచ్చేది నాలుగు వేలు. ఒక్కటి పోతే ఇరవై వేలు, అంటే ఐదు గెలుపులు తుడిచిపెట్టుకుపోతాయి. ఐదు సార్లు గెలిచి ఒక్కసారి ఓడితే చేతిలో మిగిలేది సున్నా, అతని మనసులో మాత్రం ఆరింటిలో ఐదు గెలిచిన మొనగాడు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించినప్పుడు ఇంజినీరింగ్ చదివిన కుర్రాడు చాలా సేపు ఆ కాగితాన్నే చూశాడు.

ఇప్పుడు ఈ కేసులో నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునే విషయానికి వస్తాను. మే నెలాఖరుకి ఐడీలో లక్షా నలభై వేలు ఉన్నాయి. అంతకు ముందు రెండేళ్ళలో అతను మొత్తం పెట్టింది లక్ష కూడా లేదు. లక్ష ఆల్రెడీ బయటికి తీసుకున్నాడు. అంటే ఆ రోజు ఆపేస్తే జీవితం మొత్తం మీద లాభంలో ఉన్న అతి కొద్దిమందిలో ఒకడు. ఆ రోజు ఎలా అనిపించింది అని అడిగితే "అరవై వేలు పోయిందండి, ఎలాగైనా లాగాలి అనిపించింది" అన్నాడు. లాభంలో ఉండి నష్టాన్ని లాగడానికి ఆడుతున్నాడు! ఎందుకంటే అతని సున్నా మారిపోయింది. అతను లెక్క వేసుకునేది ఖాళీ జేబు దగ్గర నుంచి కాదు, ఐడీలో ఉంచిన రెండు లక్షల దగ్గర నుంచి. కానెమన్, ట్వెర్స్కీ 1979లో చెప్పింది ఇదే, మనిషి లాభనష్టాలు ఒక గుర్తు నుంచి కొలుస్తాడు, ఆ గుర్తు కన్నా కింద ఉంటే నష్టంలో ఉన్నట్టే ఫీలవుతాడు, నష్టంలో ఉన్నవాడు రిస్క్‌కి తెగిస్తాడు. పెద్ద గెలుపు ఆ గుర్తుని పైకి తీసుకెళ్ళి అక్కడ పాతేస్తుంది. ఆ తర్వాత మనిషి ఎప్పుడూ నష్టంలోనే బతుకుతాడు. పోయిన డబ్బు లాగడం అని మనం రాసుకునే లక్షణం చాలా కేసుల్లో నిజానికి అప్పటి ఆ పైస్థాయిని లాగడం.

ఇది వాళ్ళ నాన్నగారికి చెప్తుంటే ఆయన మధ్యలోనే అందుకున్నారు. "అర్థమైందండీ డాక్టరు గారూ, ఒక పంటకి ముప్పై కౌంట్ పడి రేటు కలిసొచ్చిందనుకోండి, మరుసటేడు ఇంకో పదెకరాలు లీజుకి తీసుకుని ఉన్నదంతా అందులో పోస్తాం, వైట్ స్పాట్ వచ్చి లేచిపోయినా ఆ ముప్పై కౌంటే కళ్ళల్లో ఉంటుంది" అన్నారు. ముప్పై కౌంట్ అంటే కిలోకి ముప్పై రొయ్యలు తూగేంత సైజు, వైట్ స్పాట్ రొయ్యలకి వచ్చే వైరస్ జబ్బు. అప్పటి దాకా కొడుకు వైపు చూడకుండా కూర్చున్న మనిషి ఆ మాట తర్వాత చూశారు. చెరువులో కనీసం నీరు, మేత, పని చేతిలో ఉంటాయి, బెట్‌లో అదీ లేదు అని నేను కలిపాను.

జూలైకి ఐడీ ఖాళీ. తర్వాత జీతం, తర్వాత లోన్ యాప్‌లు రెండున్నర లక్షలు, అమ్మ గాజులు తాకట్టు పెట్టి రెండు లక్షలు, ఫ్రెండ్స్ దగ్గర మూడున్నర, కలెక్షన్ డబ్బు ఆరు. రెండు రోజుల్లో పెట్టేద్దాం అని మొదలుపెట్టి ఒక రైతు డబ్బుతో ఇంకో రైతు లెక్క సర్దుతూ వచ్చాడు. వరల్డ్ కప్‌లో ఇండియా వరసగా పది మ్యాచ్‌లు గెలిచింది, ఫైనల్ నవంబర్ 19న అహ్మదాబాద్‌లో. అతనికి అది లక్కీ గ్రౌండ్ కదా, ఐదు సిక్సర్లు అక్కడే కదా పడ్డాయి. కలెక్షన్‌లోంచి మూడు లక్షలు ఇండియా మీద పెట్టాడు. ఆస్ట్రేలియా 47కి మూడు వికెట్లు పడ్డప్పుడు ఇంకో లక్ష కలిపాడు. ఆరు వికెట్ల తేడాతో ఆస్ట్రేలియా గెలిచింది. ఆ వారంలోనే ఒక రైతు షాపుకి వచ్చి "నేను కట్టేశాను కదండీ, ఇంకా బాకీ చూపిస్తున్నారేంటి" అని అడిగాడు, అలా బయటపడింది.

డిసెంబర్‌లో నా దగ్గరికి తీసుకొచ్చారు. మొదటి రోజు నేను బెట్టింగ్ గురించి పెద్దగా మాట్లాడలేదు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడిగాను, అనిపిస్తోందండి అన్నాడు. బెట్టింగ్ జబ్బులో ఆత్మహత్య రిస్క్ చాలా ఎక్కువ, అప్పు బయటపడిన మొదటి రోజులు మరీ ప్రమాదం, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని ఇంట్లోవాళ్ళు భయపడతారు, అలా జరగదు, అడగాలి. ఆ కొన్ని వారాలు ఒంటరిగా వదలకుండా ఒక ఏర్పాటు చేసుకున్నాం. చదివేవాళ్ళలో ఎవరికైనా ఇలాంటి ఆలోచనలు ఉంటే టెలీ మానస్ నంబర్ 14416, ఫ్రీ, ఏ టైంలోనైనా తెలుగులోనే మాట్లాడతారు.

డయాగ్నసిస్‌కి డీఎస్ఎం-5లో, అంటే మానసిక జబ్బులకి మేము వాడే అమెరికన్ మాన్యువల్‌లో తొమ్మిది లక్షణాలు ఉంటాయి, ఏడాదిలో నాలుగు ఉంటే గ్యాంబ్లింగ్ డిజార్డర్, ఎనిమిది తొమ్మిది ఉంటే తీవ్రం. ఇతనికి ఎనిమిది. 2013లో ఈ జబ్బుని మద్యం, డ్రగ్స్ పక్కన అడిక్షన్ల గ్రూపులోకి మార్చారు, దానికి తగ్గట్టే ఇతనికి ఆడకపోతే చిరాకు, నిద్ర లేకపోవడం అన్నీ ఉన్నాయి. ఒక విషయంలో జాగ్రత్త పడాల్సి వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో కుర్రాడు నిద్ర తక్కువ, మాటలు ఎక్కువ, ఖర్చు ఎక్కువ, నేనే మొనగాణ్ణి అన్నట్టు ఉన్నాడని అమ్మ చెప్పింది, ఇది వింటే బైపోలార్ జబ్బులో వచ్చే మేనియా గుర్తొస్తుంది. రోజువారీగా అడిగి చూస్తే మ్యాచ్ లేని రోజు ఎనిమిది గంటలు పడుకున్నాడు, ఓడిన రాత్రి డల్‌గా ఉన్నాడు, ఆ హుషారు మొత్తం ఐడీ బ్యాలెన్స్‌ని బట్టి నడిచింది. మేనియా అలా నడవదు. దాన్ని పక్కన పెట్టాను, డిప్రెషన్ మాత్రం రాసుకున్నాను.

నాకు తెలిసిన కొలీగ్స్ కొందరు మొదట్లో పెద్దగా గెలిస్తే బానిస అయిపోతాడు, అంతే అంటారు. అంత సింపుల్ కాదు. 2001లో కాసినోవ్, షేర్ అనే ఇద్దరు స్లాట్ మెషిన్ మీద చేసిన ప్రయోగంలో పెద్ద గెలుపు వల్ల జనం ఎక్కువ సేపు ఆడలేదు, కొద్దిలో తప్పిపోయినట్టు కనిపించే ఓటములు ఆడించాయి. పెద్దగా కొట్టి డబ్బు తీసుకుని వెళ్ళిపోయినవాళ్ళు మా క్లినిక్‌కి రారు కూడా, కాబట్టి మాకు కనిపించేది ఒక వైపే. నేను అనుకునేది ఏంటంటే గెలుపు తలుపు తెరుస్తుంది, లోపల ఉంచేది ఆ తర్వాత జరిగేవి: కొంత మాత్రమే విత్‌డ్రా, బోనస్, ఏజెంట్ పలకరింపు, గ్రూపులో పేరు, అందుబాటులో ఉన్న పరాయి డబ్బు. ఈ కుర్రాడి విషయంలో అన్నీ కలిశాయి.

మెదడు సంగతి కూడా కొంచెం చెప్పాలి. ఊహించని బహుమతి వచ్చినప్పుడు డోపమైన్ కణాలు బాగా స్పందిస్తాయని, తర్వాత ఆ స్పందన బహుమతి కన్నా ముందే వచ్చే గుర్తుల మీదకి మారుతుందని వోల్ఫ్రామ్ షుల్ట్స్ కోతుల మీద ప్రయోగాల్లో చూపించారు. ఇతనికి ఆ గుర్తు ఏంటో వెతికాం. గెలుస్తున్న టీమ్ చూస్తే ఏమీ అనిపించదు, వికెట్లు టపటపా పడిపోయి రన్‌రేట్ పదిహేను దాటితే గుండె దడ, అరచేతులు చెమట. ఆ ఓవర్ నేర్పిన పాఠం అది.

ట్రీట్‌మెంట్‌లో ముందు డబ్బు దారి మూసేశాం. యూపీఐ తీసేశాం, సిమ్ మార్చాం, జీతం అమ్మ అకౌంట్‌లోకి, చేతిలో రోజు ఖర్చు మాత్రం. లివర్ టెస్ట్ చూసుకుని నల్ట్రెక్సోన్ మొదలుపెట్టాను, ఈ జబ్బుకి ప్రత్యేకంగా అప్రూవ్ అయిన మందు లేదు, కోరిక తీవ్రంగా ఉన్నవాళ్ళలో ఇది పనిచేస్తుందని ట్రయల్స్ ఉన్నాయి, ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి చెప్పే ఇచ్చాను. డిప్రెషన్‌కి ఎస్సిటాలోప్రామ్.

అప్పు విషయంలో ఇంట్లో పెద్ద గొడవ అయింది. మేనమామ మంచి మనిషి, కొబ్బరితోట అర ఎకరం అమ్మి ఒకేసారి మొత్తం తీర్చేస్తాను, పిల్లాడు మళ్ళీ ఫ్రెష్‌గా మొదలుపెడతాడు అన్నాడు. నేను వద్దని గట్టిగా చెప్పాను. పద్నాలుగు లక్షల భారం ఒక్క రోజులో దిగిపోతే ఆ కుర్రాడి మెదడుకి అది ఇంకో పెద్ద గెలుపే, మునిగిపోతున్న టైంలో ఎక్కడి నుంచో వచ్చి లాగేసింది అనే పాఠం రెండోసారి నేర్చుకుంటాడు. అప్పులన్నీ ఒక కాగితం మీద రాయించాం, అమ్మ గాజులు, రైతుల లెక్కలు ముందు, వాటికి మేనమామ డబ్బు నేరుగా వాళ్ళకే, కుర్రాడి చేతికి రాకుండా. మిగతాది నెలకి ఇంత అని అతని జీతంలోంచి. ఇలాంటి సలహా ఇస్తే చాలా కుటుంబాలు మనసులో తిట్టుకుంటాయి, తెలుసు, అయినా చెప్పాలి.

ఇక ఆ గెలుపు మీద పని. "ఆరోజు ఎందుకు కోల్‌కతా మీద వేశావు?" అంటే "ఏదో తెలిసిపోయిందండి లోపల, రింకూ కొడతాడని" అన్నాడు. సరే అని అంతకు ముందు వారం స్టేట్‌మెంట్ తీశాం. అదే వారంలో ఇంకో మూడు సార్లు ఓడిపోతున్న టీమ్ మీద మిగిలిందంతా వేసేశాడు, మూడూ పోయాయి. అవి అతనికి గుర్తే లేవు. "అప్పుడు కూడా లోపల తెలిసిందా?" అని అడిగాను. చాలా సేపు మాట్లాడలేదు, తర్వాత "అప్పుడూ ఇలాగే అనిపించిందండి" అన్నాడు. ఆ సెషన్ తర్వాతే అతను మారడం మొదలుపెట్టాడు. పోయిన పద్నాలుగు లక్షల గురించి ఎన్ని సార్లు చెప్పినా కదలనివాడు గెలిచిన మూడు లక్షలు తన తెలివి కాదు అని తెలిసినప్పుడు కదిలాడు, అందులో ఏడుపు కూడా ఉంది, ఎందుకంటే ఊళ్ళో అతనికి మర్యాద తెచ్చింది ఆ ఒక్క ఓవరే.

ఐపీఎల్ 2024 వచ్చింది. ఏప్రిల్ 15న బెంగళూరులో సన్‌రైజర్స్ 287 కొట్టిన రాత్రి ఫ్రెండ్ ఫోన్‌లోంచి ఐదొందలు వేశాడు, రెండు వేల ఒక వంద వచ్చాయి. మరుసటి రోజే వచ్చి చెప్పాడు. ఇంట్లోవాళ్ళు ఐదొందలే కదా, పైగా గెలిచాడు, పోనీలే అన్నారు. నాకు మాత్రం అతను యాభై వేలు పోగొట్టుకున్నా అంత కంగారు ఉండేది కాదు, ఎందుకంటే ఆరోగ్యం కుదుటపడుతున్నవాడికి మొదటి జారుడులో గెలుపు వస్తే పాత నమ్మకం మొత్తం లేచి కూర్చుంటుంది. వారం వారం రమ్మన్నాను, మందు కొనసాగించాం, ఆ రెండు వేల ఒక వంద రైతు బాకీలోకి అదే రోజు కట్టించాం. ఆ సీజన్‌లో మళ్ళీ వేయలేదు.

2025 ఆగస్టులో కేంద్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ గేములన్నీ నిషేధిస్తూ చట్టం చేసింది. అందులో శిక్షలు నడిపేవాళ్ళకి, యాడ్స్ ఇచ్చేవాళ్ళకి, డబ్బు లావాదేవీలు జరిపేవాళ్ళకి. ఐడీల ఏజెంట్లు ముందు నుంచీ చట్టానికి విరుద్ధంగానే నడుపుతున్నారు కాబట్టి ఇంట్లో జాగ్రత్త తగ్గించకండి. డాక్టర్ దగ్గరికి వస్తే పోలీస్ కేసు అవుతుందేమో అని దాచేవాళ్ళు ఉన్నారు, మీరు చెప్పింది గోప్యంగా ఉంచాలని 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టమే చెప్తుంది.

తల్లిదండ్రులకి ఒక మాట. పిల్లాడు ఉన్నట్టుండి ఇన్సెంటివ్ వచ్చిందని ఇరవై వేలు చేతిలో పెడితే, కొత్త ఫోన్ కొంటే, ఫ్రెండ్స్ అతని చుట్టూ తిరుగుతుంటే సంతోషపడండి, కానీ ఎక్కడి నుంచి వచ్చిందో కూర్చోబెట్టి అడగండి. ఈ అమ్మ ఏప్రిల్‌లో అడిగి ఉంటే ఐడీలో ఇంకా రెండు లక్షలు ఉన్నాయి.

ప్రస్తుతం కుర్రాడు అదే యజమాని దగ్గర చేస్తున్నాడు, డబ్బు ముట్టుకోని పని, గోడౌన్ స్టాక్ చూడటం. యజమాని పోలీసుల దాకా వెళ్ళకుండా ఒప్పుకున్నది రైతుల లెక్క ముందు తేలింది కాబట్టి. అప్పు ఇంకా నాలుగు లక్షల పైచిలుకు ఉంది, నెల నెలా కడుతున్నాడు. నల్ట్రెక్సోన్ ఆపేశాం. గ్రూపులోంచి బయటికి వచ్చేశాడు. సంక్రాంతి మూడు రోజులు, ఐపీఎల్ రెండు నెలలు మాత్రం అపాయింట్‌మెంట్లు ముందే రాసి పెట్టుకున్నాం, ఆ రోజుల్లో నాన్నగారు కూడా కలిసి వస్తారు.